బావగారి ముక్కు మీద లాటిన్ మాట

4వ తారీఖు

చిరంజీవి బావమరిదికి,

బావ ఆశీర్వదించి రాసే ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం, మీ అక్క క్షేమం. హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదువుతున్న నీ మేనకోడలు కూడా క్షేమమని కబురు పెట్టింది. నా ముక్కు కూడా క్షేమం. ఈ చివరి మాట ప్రత్యేకంగా ఎందుకు రాయాల్సి వచ్చిందో చెబుతాను.

కిందటి నెల మీ ఆఫీసుకొచ్చి గుర్తింపు కార్డు చేయించుకున్నాను కదా. ముక్కూ మొహం తెలియనివాళ్లయితే ఏం రాస్తారోనని, నువ్వున్నావన్న ధైర్యంతో బస్సు దిగి నేరుగా నీ బల్ల దగ్గరికే వచ్చాను. నువ్వు నన్ను గోడకి నిలబెట్టి, టేపుతో కొలిచి, ముఖం అటూ ఇటూ తిప్పించి, ఒక పాత పుస్తకం తిరగేసి ఏదో రాసుకున్నావు. ఆ కార్డు నిన్న పోస్టులో అందింది. ఎత్తు సరిగ్గానే ఉంది. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ, ఉన్నమాటే. ఆ కింద ముక్కు అని వేసి, దాని ఎదురుగా "ఆక్విలైన్" అని టైపు కొట్టించావు.

నాకు అర్థం కాదనుకున్నావేమో. ముప్పై ఏళ్లుగా కుళాయిలు బిగిస్తున్నవాణ్ని. నా దగ్గరున్న సామాన్ల కేటలాగులో ఆక్వా అన్న మాట లేని పేజీ లేదు. అది లాటిన్ మాటని అట్ట మీదే ఉంది. దాని అర్థమేమిటో కుళాయి కింద బకెట్ పెట్టిన ఎవరికైనా తెలుస్తుంది. అలాంటి మాటని తీసుకొచ్చి సొంత బావ ముక్కుకి తగిలిస్తావా?

ఇంకో సమయమైతే నవ్వి ఊరుకునేవాణ్ని. కానీ వచ్చే నెల పన్నెండున నాకు మంచినీళ్ల ప్లాంటులో ఇంటర్వ్యూ ఉంది. సూపర్‌వైజరు పని. వాల్వులు చూసుకోవాలి, నీళ్లు పరీక్షించాలి, రిజిస్టరు రాయాలి. కూర్చోవడానికి కుర్చీ ఉంటుంది. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు. ఇంకో ఏడాది సింకుల కిందా, తొట్ల వెనకా పాకుతూ పనిచేయడం నా వల్ల కాదు. ఈ వయసులో నన్ను పిలిచిన చోటు ఇదొక్కటే. అక్కడ ఒక కచ్చితమైన నిబంధన ఉంది. ముక్కుకీ గొంతుకీ సంబంధించిన జబ్బున్నవాళ్లని తాగేనీళ్ల దరిదాపులకి రానివ్వరు. ముందు కార్డు చూస్తారట, ఆ తర్వాతే మనిషిని చూస్తారట.

కాబట్టి మంచినీళ్ల ప్లాంటువాళ్ల కంట పడకముందే ఆ మాట కొట్టేసి "మామూలు ముక్కు" అని రాయించి వెంటనే పంపు.

ఇట్లు,
నీ మేలు కోరే బావ

తా.క. ఆ రోజు మీ ఆఫీసులో నేను ఒకసారి తుమ్మిన మాట నిజమే. ఆ ఫైళ్ల దుమ్ముకి గోడలు కూడా తుమ్ముతాయి. ఒక్క తుమ్ముకే మనిషిని శాశ్వతంగా కార్డుకెక్కించేస్తారా?


8వ తారీఖు

బావగారికి,

నమస్కారాలు. మీరంతా క్షేమమని తెలిసి సంతోషించాను. ఇక్కడ నేనూ క్షేమమే గాని మనసే కొంచెం చివుక్కుమంది. మీ ఉత్తరం పొల్లు పోకుండా చదివాను.

బావా, ఆ మాట మీకు నచ్చలేదంటే నమ్మలేకపోతున్నాను. ముక్కులకి మా పుస్తకంలో పదకొండు మాటలున్నాయి. పొట్టి, పొడుగు, చప్పిడి, వెడల్పు, ఇలా అందరికీ ఏదో ఒకటి రాసి పంపేస్తుంటాం. ఆ పదకొండులో గొప్పది మీకు రాసింది. ఈ బల్ల దగ్గర పద్నాలుగేళ్లుగా కూర్చుంటున్నాను, ఆ మాట రాయదగిన మనిషి ఒక్కడూ రాలేదు. మా సూపరింటెండెంటుగారు తనకి రాయమని రెండుసార్లు అడిగారు. మనసొప్పక రాయలేదు. మిమ్మల్ని గోడకి నిలబెట్టి పక్క నుంచి చూడగానే ఇంక పుస్తకం తెరవనక్కర్లేదనిపించింది, పేరుకి తెరిచానంతే.

అయినా అది మీకు నిన్నా ఇవాళా వచ్చింది కాదు. మీ నాన్నగారికి ఇంకా ఎక్కువగా ఉండేది. ఆయన వీధి మలుపు తిరుగుతుంటే మనిషి కన్నా ముందు అదే కనిపించేది. మా మేనకోడలికి కూడా వచ్చింది, ఆడపిల్ల కాబట్టి కొంచెం సన్నగా వచ్చింది. వయసుతో పాటు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, కంగారుపడకండి. అక్క మిమ్మల్ని మొదటిసారి చూసి ఇంటికొచ్చి అమ్మతో చెప్పిన మొదటి మాట మీ ముక్కు గురించే. అది చూసే మిమ్మల్ని చేసుకుంటానంది. నేను గుమ్మం పక్కనే ఉండి విన్నాను.

మంచినీళ్ల ప్లాంటువాళ్లకి దానితో ఏం ఇబ్బందో నాకు అర్థం కాలేదు. మీరు ట్యాంకు మీదికి వంగినప్పుడు అది నీళ్లకి తగులుతుందని భయమా? అంత పొడవుందనుకోను.

ఇట్లు,
మీ బావమరిది
గుర్తింపు కార్డుల విభాగం, రెండో బల్ల

తా.క. ఈ సంగతి అక్కకి చెప్పారా? చెప్పకపోతే వెంటనే చెప్పండి. పొంగిపోతుంది.


11వ తారీఖు

బావమరిదికి,

ఆశీస్సులు ప్రస్తుతానికి ఆపాను.

నా ముక్కుని అన్నావు, పోనీ అనుకున్నాను. పోయి తొమ్మిదేళ్లయిన మా నాన్న ముక్కుని కూడా లాగావు. ఆయన బతికున్నంత కాలం ఇస్త్రీ చేసిన చేతిరుమాలు లేకుండా గడప దాటలేదు. చివర్లో మంచం పట్టినప్పుడు ఆ కాస్త ఉండేది. మంచం పట్టినవాళ్లకి ఎవరికి ఉండదు? ఆయన కన్నా ముందు అది వీధిలోకి వచ్చేదని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి? పైగా ఆడపిల్ల కాబట్టి సన్నగా వచ్చిందని మా అమ్మాయి గురించి రాస్తావా? మేనమామవి, ఆ పిల్లని ఎత్తుకు తిరిగినవాడివి.

ఇంక మీ అక్క విషయం. నీ ఉత్తరం వచ్చిన పూట వంటింట్లోకి వెళ్లి, నన్ను మొదటిసారి చూసినప్పుడు నా ముక్కు చూసే ఒప్పుకున్నావా అని అడిగాను. తల వంచుకుని, గిన్నె తోముతూ, అవునంది. ఇరవై ఆరేళ్లు కాపురం చేశాం. ఆ రోజు నాకు పడిశం పట్టి ఉందని బాగా గుర్తుంది. పాపం అనుకుని ఒప్పుకుందేమోనన్న ఆలోచన నా బుర్రలోకి ఇప్పటిదాకా రాలేదు. రెండు రోజులుగా ఇంట్లో నేను సరిగ్గా మాట్లాడలేకపోతున్నాను.

మాటలతో నీ దగ్గర పని జరగదని అర్థమై నిన్న డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఏమిటి ఇబ్బంది అన్నాడు. ఇబ్బందేమీ లేదు, లేదనే రాసివ్వమన్నాను. ఆయన నన్ను వింతగా చూసి, టార్చిలైటు వేసి రెండు వైపులా పరీక్షించాడు. కిటికీ దగ్గర చలిగాలిలో అరగంట నిలబెట్టి మళ్లీ చూడమని నేనే బతిమాలాను. చూశాడు. "ఈయన ముక్కు పొడిగా ఉంది" అని సంతకం పెట్టి ముద్ర వేసిచ్చాడు. ఆ కాగితం దీనితో పంపుతున్నాను. ఇంటర్వ్యూ ఇంకా నెల రోజులుంది. ఇప్పుడైనా ఆ మాట మార్చు.

ఇట్లు,
బావ

తా.క. చిన్నప్పుడు నాకు బాగా ఉండేదని ఒప్పుకుంటాను. మా అమ్మ ఆరు నెలలు వదలకుండా వేడినీళ్ల ఆవిరి పట్టించి తగ్గించింది. నమ్మకం కుదరాలని నీకొక్కడికే చెబుతున్నాను. ఫైల్లో పెట్టకు.


16వ తారీఖు

విషయం: ముక్కు.
సూచిక: తమరి 11వ తారీఖు ఉత్తరం, దానితో జతపరిచిన కాగితం ఒకటి.

అయ్యా,

తమరి ఉత్తరం ఫైల్లో పెట్టబడింది. ఆశీస్సులు ఆపినందుకు చింతిస్తున్నాము.

కార్డులో ముక్కు మార్చాలంటే ముక్కు మారి ఉండాలి. ప్రమాదం వల్ల గాని, ఆపరేషను వల్ల గాని మారినట్టు రుజువులు కావాలి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి రెండు ఫోటోలు కావాలి. ముక్కు పొడిగా ఉందన్న సర్టిఫికెట్ ఏ నిబంధన కింద పంపారో మా విభాగానికి బోధపడలేదు. అయినా ముద్ర ఉన్న కాగితాన్ని వెనక్కి పంపే అధికారం నాకు లేదు కనుక సూపరింటెండెంటుగారికి సమర్పించాను.

బావా, ఇంతవరకూ ఆఫీసు తరఫున రాశాను, ఇక్కడి నుంచి నేనే రాస్తున్నాను. మీ ముక్కుసూటితనం నాకు తెలుసు గాని, ముక్కు మీద కోపం ఇంత ఉందని తెలియదు. ఆవిరి పట్టి తగ్గించుకున్నానంటే సూపరింటెండెంటుగారు నమ్మలేదు. నేను మిమ్మల్ని నమ్మి, నా చప్పిడి ముక్కుకేమైనా పనికొస్తుందేమోనని రెండు రోజులు ఆవిరి పట్టాను. ఎర్రబడింది గాని లేవలేదు.

మీ నాన్నగారి గురించి నేను గౌరవంగానే రాశాను. ఆయన అంత ఠీవిగా నడిచొస్తుంటే చిన్నప్పుడు మేం ఆట ఆపి చూసేవాళ్లం. మంచంలో ఉన్నప్పుడు ఆ కాస్తే ఉండేదని మీరెందుకన్నారో తెలియలేదు. చివరిదాకా పూర్తిగానే ఉంది, నేను చూశాను.

ఇంతకీ అది పక్షి పేరు మీద వచ్చిన మాట. మీకు లాటిన్ వచ్చునన్నారు కాబట్టి ఏ పక్షో విడమరచి చెప్పక్కర్లేదు. అలాంటి పక్షితో పోలిస్తే ఎవరైనా కాలరెగరేస్తారు.

ఇట్లు,
మీ విధేయుడు (ఆఫీసు), మీ బావమరిది (ఇల్లు)

తా.క. ఆవిరి సంగతి ఫైల్లో పెట్టొద్దన్నారు. అప్పటికే పెట్టేశాను. పేజీకి నంబరు కూడా పడింది, ఇంక తీయలేం.


20వ తారీఖు

బావమరిదికి,

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి అద్దం ముందే ఉన్నాను.

ముందు నా ముక్కు కారుతుందని రాశావు. కారదని డాక్టరు చేత రాయించి పంపితే, ఇప్పుడు అది పక్షి మాటంటున్నావు. నేను చదువుకోనివాణ్నే గాని తెలివితక్కువవాణ్ని కాదు. ఆక్వా అంటే నీళ్లు. దానికి ఒక పక్షిని కలిపావు. నీళ్లలో ఉండే పక్షి ఏమిటి? బాతు.

మొదట నమ్మబుద్ధి కాలేదు. చేతి అద్దం ఒకటి, గోడ అద్దం ఒకటి పెట్టుకుని పక్క నుంచి చూసుకున్నాను. నాకు వెడల్పుగా ఏమీ అనిపించలేదు. ఎదురింటి దర్జీని పిలిచి, దాపరికం లేకుండా చెప్పమన్నాను. ఆయన అన్ని వైపుల నుంచీ చూసి, బాతు అని తాను అనడట, అయితే నేను అడిగాక మాత్రం కొంచెం అలాగే అనిపిస్తోందట. ఈలోగా మీ అక్క వచ్చి అద్దాలూ, కార్డూ, నీ ఉత్తరాలూ చూసి ముక్కున వేలేసుకుంది. ఆవిడ ముక్కున ఆవిడ వేలు, అదీ ఒక సుఖమే. నీళ్ల పక్షంటే హంస కూడా అయి ఉండొచ్చు కదా అని నన్ను ఓదార్చింది. హంస నడక అంటారు గాని, హంస ముక్కని ఎవరైనా అనగా విన్నావా?

నీకు ఇది తమాషాగా ఉండొచ్చు. ఆ ప్లాంటులో ట్యాంకుల మీద పక్షి వాలకూడదని వలలు కట్టి ఉంచుతారు. ఆ వలలు కట్టడానికి కొక్కేలు బిగించింది నేనే. ముక్కు కారేవాణ్ని గేటు దగ్గర ఆపుతారేమో గాని, బాతు ముక్కని రాసి ఉన్నవాణ్ని చూస్తే ముందు నవ్వి ఆ తర్వాత ఆపుతారు. రెండోదే నాకు ఎక్కువ భయం.

నిన్న ఒకరింట్లో సింకు కింద దూరి వాషరు మార్చి, లేవలేకపోయాను. ఆ ఇంటావిడా, వాళ్లమ్మా చెరో చెయ్యి పట్టుకుని లేపారు. ఇంటికొచ్చి మీ అక్కకి చెప్పలేదు. నిన్ను ఇన్నేళ్లలో ఏదీ అడగలేదు. ఈ ఒక్కటీ చేసిపెట్టు.

ఇట్లు,
బావ

తా.క. దర్జీతో మాటలు లేవు.


25వ తారీఖు

బావా,

క్షేమ సమాచారాలు తర్వాత రాస్తాను. మీ ఉత్తరం చదివి ముందు పడీ పడీ నవ్వాను. బల్ల మీది సిరాబుడ్డి దొర్లిపోయింది. ఆఖరి పేరాకి వచ్చాక సిగ్గేసింది. ఇంకోసారి చదవబుద్ధి కాలేదు, అయినా చదివాను. ఆ వెంటనే ఫైలు తెప్పించి మీ మొదటి ఉత్తరం కూడా తీశాను. కుళాయి, బకెట్, కేటలాగు, తుమ్ము, అన్నీ అందులోనే ఉన్నాయి. పొల్లు పోకుండా చదివానని రాశాను గాని, నిజానికి మొదటి పేరా, చివరి పేరా చూశాను. ఆఫీసులో అన్ని ఉత్తరాలూ అలాగే చదువుతాం. మీ ఉత్తరాన్ని అలా చదివినందుకు నన్ను క్షమించండి.

ఇప్పుడు నిదానంగా వినండి. ఆక్వా అంటే నీళ్లే, అందులో మీరు పొరబడలేదు. కానీ లాటిన్‌లో ఆక్విలా అని ఇంకో మాట ఉంది. దాని అర్థం గద్ద. ఆ గద్ద నుంచే ఆక్విలైన్ వచ్చింది, అంటే గద్దకి సంబంధించినది, గద్దలాంటిది అని. ముక్కు విషయంలో అయితే పైన ఎత్తుగా మొదలై, మధ్యలో కొంచెం వంపు తిరిగి, కొస కిందికి దిగిన ముక్కు. మనం కోటేరులాంటి ముక్కంటామే, దానికి కాస్త గద్ద ముక్కు వంపు కలిపితే మీ ముక్కు. పాత నాణేల మీద రాజుల ముఖాలు పక్క నుంచి చూడండి, సగం మందికి ఇదే ఉంటుంది. అందులో జబ్బు లేదు, జలుబు లేదు, బాతు అసలే లేదు.

అక్క ఒప్పుకున్నది కూడా ఆ వంపు చూసే. మీకు పడిశం ఉందని ఆవిడకి గుర్తే లేదని నా నమ్మకం.

ఇంక చెడ్డ కబురు. సూపరింటెండెంటుగారికి నేను మీ డాక్టరు కాగితం సమర్పించానన్నాను కదా. ఆయన కూడా ఆఫీసువాడే కనుక మొదటి లైనూ చివరి లైనూ చదివి, "మారిన లక్షణాన్ని నమోదు చేయండి" అని రాసి సంతకం పెట్టేశారు. కొత్త కార్డు తయారైంది. నేను చూసేలోపు ముద్ర కూడా పడింది. దీనితో పంపుతున్నాను. ముక్కు అన్న చోట "పొడి" అని ఉంది. ఇది మళ్లీ మార్చాలంటే రెండు నెలలు పడుతుంది. పాత కార్డు నెల రోజుల్లో వాపసు చేస్తే చాలు కాబట్టి, ఇంటర్వ్యూ నాటికి రెండూ మీ దగ్గరే ఉంటాయి. పాతదే చూపించండి. ఎవరైనా అడిగితే గద్ద అని చెప్పండి.

బావా, మీకు ఒక మంచిమాట రాద్దామనుకున్నాను, అంతే. దానివల్ల మీ ఉద్యోగం పోతే అక్కకి నా ముఖం ఎలా చూపించను? పన్నెండో తారీఖు దాకా నాకు అన్నం సహించదు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. దర్జీగారితో మాట్లాడండి. బాతు అని మీరు చెప్పబట్టే ఆయనకి అలా అనిపించింది.


13వ తారీఖు

చిరంజీవి బావమరిదికి,

బావ మనస్ఫూర్తిగా ఆశీర్వదించి రాసేది. ఆపిన ఆశీస్సులు కూడా ఇందులోనే కలుపుతున్నాను, లెక్క సరిచూసుకో. ముందు తిండి తిను. తిన్నాక చదువు.

నిన్న పొద్దున పదింటికి వెళ్లాను. పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. నడుమ ఉన్నాయన పెద్ద ఇంజనీరు, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి ఉన్నాయి. కుడివైపు లేడీ డాక్టరు. ఎడమవైపు ఒక గుమాస్తా, నీలాగే పెన్ను చెవి మీద పెట్టుకున్నాడు. కార్డు అన్నారు. నువ్వు పాతది చూపించమన్నావు. కానీ గదిలోకి వెళ్తుంటే కిటికీలోంచి ట్యాంకుల మీది వలలు కనిపించాయి. గద్ద అయినా పక్షే కదా అనిపించింది. చెయ్యి దానంతటదే వెళ్లి కొత్త కార్డు తీసింది.

ఇంజనీరుగారు కళ్లద్దాలు దించి చదివారు. ముక్కు పొడి, అని పైకే అన్నారు. డాక్టరమ్మ వైపు తిరిగి, ఈ పనిలో సగం వాసన చూడటమే, పొడిబారిన ముక్కుకి వాసన తెలుస్తుందా అని అడిగారు. కష్టమే అందావిడ. గుమాస్తా చెవి మీంచి పెన్ను తీశాడు. నా పేరు కొట్టేయడానికే తీశాడని తెలిసిపోయింది. చూశావా, బావమరిదీ. నా చేత్తో నేనే తెప్పించుకున్న సర్టిఫికెట్ నా నోట్లో మట్టి కొడుతోంది.

ఇంక దాచడానికేం మిగిలింది? జేబులోంచి పాత కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఇంజనీరుగారు దాన్ని దగ్గరగా పెట్టుకుని చదివారు. ఆక్విలైన్ అన్నారు. ఇంకోసారి ఆక్వా అని విడదీసి చదివారు. ఆయన ముఖం విప్పారింది. "అంటే నీళ్ల కోసం పుట్టిన ముక్కన్నమాట. ఇది ముందే చూపించొద్దా?" అన్నారు.

అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ అబద్ధం మీద కుర్చీ ఎక్కితే నా మోకాళ్లు అక్కడా ఊరుకోవు. కాదండీ, అది గద్ద మాటండీ, మా బావమరిది పుస్తకం చూసి చెప్పాడు, అన్నాను. ఆయన కళ్లద్దాలు మళ్లీ నుదుటి మీదికి నెట్టి నావైపు చూశారు. "ముప్పై రెండేళ్లుగా నీళ్ల శాఖలో ఉన్నాను. ఆక్వా అంటే ఏమిటో నాకు మీరు చెప్పక్కర్లేదు" అన్నారు.

నేను మళ్లీ నోరు తెరిచాను. ఆక్వా వేరు, ఆక్విలా వేరు అని మొదలుపెట్టాను. ఆయన తన బల్ల మీదున్న కేటలాగు తీసి అట్ట చూపించారు. మూడోసారి నోరు తెరవబోతే డాక్టరమ్మ వద్దని కళ్లతోనే చెప్పింది. ఊరుకున్నాను. ఎంత చెప్పినా వినని మనిషి ఎదురుగా కూర్చుంటే ఎలా ఉంటుందో ఆ ఐదు నిమిషాల్లో తెలిసింది. ఇన్నాళ్లూ నీకలాగే ఉండి ఉంటుంది. తప్పు నాదే. నువ్వు మంచిమాట రాస్తే, నా తెలివితో దాన్ని జబ్బు చేసి, బాతు చేసి, నీకూ నాకూ నిద్ర లేకుండా చేశాను. ఈ మాట ఎదురుగా చెప్పాలంటే నాకు నోరు రాదు, అందుకని రాస్తున్నాను.

కార్డుల గొడవ వదిలేసి మనిషిని చూద్దామంది డాక్టరమ్మ. మూడు గ్లాసుల్లో నీళ్లు తెప్పించారు. మొదటిది మూత తీసి ఉంచిన ట్యాంకు నీళ్లని చెప్పాను. మూడోదాంట్లో బ్లీచింగు ఎక్కువైందన్నాను. రెండోది కాస్త ఆలస్యమైంది. ఇనప పైపులో చాలాసేపు నిలవున్న నీళ్లు, ఆ కుళాయికి కొత్త వాషరు వేసి రెండు రోజులు కూడా కాలేదు, రబ్బరు వాసన పోలేదన్నాను. గుమాస్తా లేచి వెళ్లి కనుక్కొచ్చాడు. మొన్ననే వేశారట. ఇంజనీరుగారు డాక్టరమ్మ వైపు చూసి, కార్డులో ఉన్నదే కదా నేను చెప్పింది, అన్నారు.

ఉద్యోగం వచ్చింది. ఒకటో తారీఖు నుంచి. కుర్చీ చూశాను, చేతులున్న కుర్చీ, ఎత్తు సరిగ్గా ఉంది. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. కాసేపు లేవలేదు. మోకాళ్ల వల్ల కాదు, గుండె బరువు దిగితే మనిషికి అలా అవుతుందనుకుంటాను. ఇంటికెళ్లి మీ అక్కకి చెబితే ఏడ్చి, నవ్వి, పెళ్లికి ముందు చూసినప్పుడు నాకు పడిశం ఉందా అని ఆశ్చర్యంగా అడిగింది. ఆవిడ చూసింది వంపేనట. దర్జీతో మాటలు కలిశాయి.

పాత కార్డు వాపసు అడక్కు. ఇంజనీరుగారు తన సొరుగులో పెట్టేసుకున్నారు.

ఇట్లు,
నీ బావ
మంచినీళ్ల ప్లాంటు సూపర్‌వైజరు (ఒకటో తారీఖు నుంచి)

తా.క. అమ్మాయి కిందటి వారం సెలవులకి వచ్చి నీ ఉత్తరాలన్నీ వరసపెట్టి చదివింది. మేనమామదే రైటంది. అయితే తిరిగి వెళ్లి వాళ్ల కాలేజీ లైబ్రరీలో లావుపాటి నిఘంటువు చూసి, ఇవాళ్టి పోస్టులో ఒక కార్డు ముక్క రాసింది. పూర్వం రోములో ఒక పండితుడుండేవాడట. గద్దకి ఆ పేరు దాని నల్లటి రంగు వల్ల వచ్చిందనీ, ఆ రంగు పేరేమో నీళ్ల మాట నుంచి పుట్టిందనీ ఆయన రాసిపెట్టాడట. అంటే చివరికి ఆక్వానే. ఇప్పటి పండితులు ఒప్పుకోవడం లేదట, వాళ్లు మొదటి పేరా చివరి పేరా చదివి ఉంటారు. కాబట్టి నేను, ఇంజనీరుగారు, ఆ రోము పెద్దాయన ఒక వైపు ఉన్నాం. నీ వైపు ఎవరున్నారో కనుక్కుని రాయి.